కుక్రాటోలాకి కంట్రోల్ వచ్చింది

ఆ బుధవారం పొద్దున లఖన్ ఝారియా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి ఒక ప్లేటు అటుకులు, మీద గుప్పెడు కారప్పూస, ఒక టీ. ఎనిమిదిన్నరకి మోటారు సైకిలు మీద కుక్రాటోలా. సాయంత్రం నాలుగు కొట్టేలోగా ఎనభై మంది వేళ్లు పొడిచి ఎనభై చుక్కల రక్తం. ఆ తర్వాత ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని మంచమెక్కడం. ఇందులో దేవుడికి కోపం తెప్పించే ముక్క ఒక్కటీ లేదు. అయినా ఆయనకి ఆ రోజు వేరే పనేమీ ఉన్నట్టు లేదు.

లఖన్ మండ్లా జిల్లా అడవి ఊళ్లలో మలేరియా పరిశోధన చేసే సంస్థలో ఫీల్డు సూపర్వైజరు. పరిశోధన అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఇరవై ఊళ్ల పేర్లు చీటీల మీద రాసి లాటరీ తీశారు. పది ఊళ్లకి మందు పట్టించిన దోమతెరలు ఇచ్చారు, పది ఊళ్లకి ఇవ్వలేదు. తెరలు పనిచేస్తున్నాయో లేదో తెలియాలంటే లేని ఊళ్లతో పోల్చి చూడాలి కదా! ఆ లేని ఊళ్లని డాక్టర్ల భాషలో ‘కంట్రోల్ ఊళ్లు’ అంటారు. కుక్రాటోలా కంట్రోల్ ఊరు. తెరలున్నా లేకపోయినా అన్ని ఊళ్లకీ వారానికోసారి జీపు వస్తుంది. జ్వరమొచ్చినవాళ్లకి పరీక్షా, మాత్రలూ ఆ జీపులోనే.

కుక్రాటోలా నుంచి ఆసుపత్రి ఇరవై ఏడు కిలోమీటర్లు, మధ్యలో వాగు. భాద్రపదంలో వాగు పొంగితే డాక్టరు అటు, రోగి ఇటు. అందుకని జీపే వాళ్లకి ఆసుపత్రి. ఇంత తెలిసిన ఊరు కూడా, జ్వరం లేనప్పుడు రక్తం ఇమ్మంటే మాత్రం అడవిలోకి పారిపోయేది. మూడు వారాల్లో దొరికింది పదకొండు మంది. అందులో ఒకడు దారి తప్పి వచ్చిన మేకల వ్యాపారి.

జబల్‌పూర్ నుంచి డాక్టర్ ఖేర్ మేడం ఫోన్లో తేల్చి చెప్పేసింది.

“లఖన్, బుధవారం నాలుగింటిలోగా ఆ ఊరివాళ్లు ఎనభై మంది. ఒక్కరు తగ్గినా కుక్రాటోలాని జాబితాలోంచి తీసేస్తాను. జీపు ఇంకో ఊరికి వెళ్తుంది.”

“మరి నేను మేడం?”

“నువ్వు ఆ జీపులో ఉండవు.”

అందుకే మంగళవారం మధ్యాహ్నం లఖన్ వెళ్లి కోట్వార్ భద్దూ దాస్ కాళ్లావేళ్లా పడ్డాడు. కోట్వార్ అంటే ఊరికి చాటింపు వేసేవాడు, పోలీసులొస్తే దారి చూపేవాడు, శవం దొరికితే కాపలా కాసేవాడు. భద్దూ దాస్ ఆరడుగుల మనిషి, చెవుల దాకా మీసం, నడుముకి ఇత్తడి బిళ్ల.

“కాకా, రేపొద్దున్నే చాటింపు వెయ్యాలి. రాసుకో. కుక్రాటోలా కంట్రోల్ ఊరు కాబట్టి, పెద్దాచిన్నా అందరూ బడి దగ్గరికొచ్చి వేలి రక్తం పరీక్ష చేయించుకోవాలి. అంతా ఉచితం. నాలుగింటి వరకే.”

భద్దూ దాస్ మీసం లాక్కుంటూ ఆలోచించాడు. “ఇంత పొడుగు మాట డప్పు మీద నిలబడదు బాబూ. మూడు దెబ్బలకి ఒక ముక్క పట్టాలి.”

“అయితే నువ్వే కురచ చెయ్యి కాకా. చాటింపులో నీకు నేను చెప్పేదేముంది!”

మనుషులు తమ గొయ్యి తామే తవ్వుకుంటారంటారు. లఖన్ పార కూడా తెచ్చి ఇచ్చాడు.

ఆ చుట్టుపక్కల రేషన్ దుకాణాన్ని కంట్రోల్ అనే అంటారు, మన పెద్దవాళ్లు కంట్రోలు బియ్యం అన్నట్టే. ‘రేషన్’ అని ఎవరైనా అంటే వాడు పట్నంలో బూట్లు కొనుక్కొచ్చాడని అర్థం. బుధవారం తెల్లవారగానే భద్దూ దాస్ డప్పు మోగింది.

“కంట్రోల్ వచ్చిందహో! బడి దగ్గర వేలు చూపాలహో! అంతా ఉచితం, నాలుగింటి వరకేనహో!”

అందులో ఒక్క అబద్ధం ఉంటే ఒట్టు.

*

బడి మలుపు తిరగగానే లఖన్ కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది. బడి ముందు తిరణాలలా జనం. ఆడవాళ్లు, మగవాళ్లు, చంకన పిల్లలు, చేతికర్రల ముసలివాళ్లు. రెండెడ్ల బండి ఒకటి. ఒకాయన చేతిలో కిరసనాయిలు డబ్బా కూడా ఉంది. కిరసనాయిలు ఇవ్వడం మానేసి ఎన్నేళ్లయిందో గానీ ఆశకి ఎక్స్పైరీ తేదీ వేసే మిషను ఇంకా రాలేదు.

లఖన్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే బండి దిగాడు. దోమ బొమ్మల పోస్టర్లు! మూడు వారాలుగా తను గోడలకంటించిన పోస్టర్లు! వాటిలో సగం మేకలు తినేశాయని అతనికి తెలుసు. మిగతా సగం ఇంత పని చేశాయా అని కళ్లు చెమర్చాయి.

“జోహార్ సాబ్!” అన్నారు జనం ఏకకంఠంతో.

“జోహార్, జోహార్! ఇంతమందా! అది సరే, ఈ గోనెసంచులెందుకు?”

“మరి దేంట్లో పట్టుకెళ్తాం సాబ్?”

“మేం చిన్న కాగితప్పొట్లంలో కట్టి ఇస్తాం కదా!”

జనం పగలబడి నవ్వారు. సాబు మంచి హాస్యగాడని అప్పుడే పేరు పడిపోయింది.

లఖన్ బల్ల వేసుకుని, రిజిస్టరు తెరిచి, పది ఊళ్లకని తెచ్చిన పరీక్ష కిట్ల అట్టపెట్టె విప్పాడు. పొడిచే ముందు నియమం ప్రకారం ఒక కాగితం గట్టిగా చదవాలి. చదివాడు. “ఇందులో పాల్గొనడం పూర్తిగా మీ ఇష్టం. ఎవరి బలవంతమూ లేదు. వద్దని వెళ్లిపోయినా మీకు రావలసింది ఏదీ ఆగదు.”

జనంలో ఎవరో గుండె మీద చెయ్యి వేసుకున్నారు. “వద్దన్నా వస్తుందట!” అన్నాడు ఎడ్లబండివాడు. పుట్టి బుద్ధెరిగాక ప్రభుత్వం కాగితంలో అలాంటి మాట అతను వినలేదు.

లైన్లో మొదట నిల్చున్నది ఫగ్నీ దాయీ. డెబ్భై ఏళ్ల ముసలమ్మ, వెదురు బుట్టలు అల్లుకుని బతుకుతుంది. ఎనిమిది నెలలుగా ఆవిడకి కంట్రోల్లో గింజ దొరకలేదు. బద్దలు చీల్చి చీల్చి బొటనవేలు అరిగిపోయింది, రేషన్ మిషను మీద పెడితే అది ఎర్రలైటు వేసి కీచుమంటుంది. పెడుతుంది, కీచుమంటుంది, ఖాళీ సంచితో ఇంటికొచ్చి పక్కింటివాళ్లిచ్చిన ఆరికెల గంజి తాగుతుంది. ఆవిడ నేరుగా బొటనవేలు చాపింది.

“అది వద్దు దాయీ. ఉంగరం వేలు.”

“అదేం? బొటనవేలు కాదూ?”

“బొటనవేలు, చూపుడువేలు పని చేసి చేసి గట్టిపడిపోతాయి. ఉంగరం వేలికి పనీపాటా ఉండదు. మెత్తగా ఉంటుంది.”

“మా ముసలాడిలాగే అన్నమాట,” అని ఆవిడ వేలు మార్చింది. సూది పొడిచాడు. రక్తం వచ్చింది. ఆవిడ దాన్ని అబ్బురంగా చూసింది. “ఇదేం, కొత్త మిషనా?”

“కొత్తదే దాయీ. పదిహేను నిమిషాల్లో తేల్చేస్తుంది.”

“పావుగంటే! గిర్ధారీ దగ్గర ఎనిమిది నెలలైనా తేల్లేదయ్యా.” ఆవిడ వెనక్కి తిరిగి కేకేసింది. “ఒసే పిల్లల్లారా, ఇకమీదట వేలిముద్ర లేదట! వేలిరక్తమట! ముద్ర అరుగుతుంది గానీ రక్తం అరుగుతుందా!”

లైను ఒక్క అడుగు ముందుకి తోసుకొచ్చింది. బల్ల కాలు విరిగింది.

*

పదింటికల్లా కిట్లు గోడ పొడుగునా అప్పడాల్లా ఆరాయి. ఒక్కొక్క కిట్టులో చిన్న కిటికీ, ఆ కిటికీలో గీతలు. జనం వంగి వంగి చూస్తున్నారు.

“సాబ్, ఈ గీతేంటి?”

“అదా, అది కంట్రోల్ గీత,” అన్నాడు లఖన్ తలెత్తకుండానే. నిజంగానే దాని పేరు అదే. కిట్టు బాగుందో లేదో చెప్పే గీత. “అది అందరికీ వస్తుంది. రాకపోతేనే తప్పు.”

“అందరికీ వస్తుందట! రాకపోతే తప్పట!” ఆడవాళ్లు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టారు.

“మరి ఫగ్నీ దాయీకి రెండు గీతలొచ్చాయేం?”

“రెండోది కొందరికే వస్తుంది. వచ్చినవాళ్లు పక్కన కూచోండి. మీ సంగతి మేం ప్రత్యేకంగా చూసుకుంటాం. మూడ్రోజులు ఇంటికొచ్చి మరీ ఇస్తాం.”

ఆ మాటతో ఊరు రెండు కులాలైపోయింది. రెండు గీతలవాళ్లు గోడ నీడన కాలు మీద కాలేసుకుని కూచున్నారు. ఒంటిగీతవాళ్లు ఎండలో నిలబడి కళ్లల్లో నిప్పులు పోసుకున్నారు. “ఆ ఫగ్నీకి మనుషులెంతమందని డబుల్ కోటా?” “ముసలిది ఏదో మందు పెట్టింది సాబుకి!” ఇంకో వేలితో మళ్లీ లైన్లో నిలబడ్డవాళ్లని లఖన్ మూడుసార్లు పట్టుకున్నాడు. కిరసనాయిలు డబ్బా పెద్దమనిషి తన కిట్టు పట్టుకొచ్చి, “నాకూ రెండొచ్చాయి చూడండి,” అన్నాడు. లఖన్ చూసి కొయ్యబారిపోయాడు. ఒక గీత ఎరుపు, రెండోది బాల్‌పెన్ను నీలం.

“ఇదెక్కడి జాతి జబ్బయ్యా!”

“నాకు మొదట్నుంచీ నీలమే పడుతుంది సాబ్,” అన్నాడాయన వినయంగా.

పదకొండున్నరకి లఖన్ లెక్క చూసుకుని, పొంగిపోయి, సిగ్నల్ కోసం బడి గోడెక్కాడు. ఆ ఊళ్లో ఫోను మాట్లాడాలంటే ఆ గోడే దిక్కు.

“మేడం! ఎనభై అడిగారు కదా? రెండు వందల పది!”

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

“లఖన్, ఆ ఊరి జనాభా రెండు వందల పన్నెండు. నలభై మంది నాగ్‌పూర్ కూలికి వెళ్లారు. ముప్పై మంది చంటిపిల్లలు. నువ్వు ఎవరి వేళ్లు పొడుస్తున్నావు?”

లఖన్ గోడ మీంచే జనాన్ని కలయజూశాడు. నిజమే, సగం మొహాలు ఎప్పుడూ చూసినవి కావు. “ఏయ్, మీదే ఊరు?” అని అరిచాడు. “బీజాడాండ్!” “మొహగావ్!” “మాది వాగవతల, మా బావమరిది చెప్పాడు!” ఆ మూడూ దోమతెరలిచ్చిన ఊళ్లే. పోల్చి చూడాల్సిన రెండు రకాల ఊళ్లూ ఒకే లైన్లో భుజాలు రాసుకుంటున్నాయి.

“దొంగ లెక్కలు రాస్తున్నావా?” అంది ఫోను.

“లేదు మేడం! మనుషులున్నారు! అవసరానికి మించి ఉన్నారు!”

“నేనొస్తున్నా. ఎవ్వర్నీ కదలనివ్వకు.”

కదలనివ్వకపోవడం కష్టం కాలేదు. బియ్యం తీసుకోకుండా కదిలే ఉద్దేశం ఎవరికీ లేదు.

*

మేడం కంటే ముందు గిర్ధారీ సాహు వచ్చాడు. మూడు కిలోమీటర్ల అవతల అసలు కంట్రోల్ నడిపేది అతనే. పొద్దుట్నుంచీ కొట్టు ముందు కుక్క కూడా పడుకోలేదు. కుక్రాటోలాలో పోటీ కంట్రోల్ పెట్టారని, అందులో వేలు చూపగానే డబుల్ కోటా ఇస్తున్నారని, అదీ ఇంటికి తెచ్చి ఇస్తున్నారని కబురు తెలిసేసరికి అతనికి ముచ్చెమటలు పట్టాయి. తన రేషన్ మిషను చంకలో పెట్టుకుని స్కూటర్ మీద ఊడిపడ్డాడు.

“ఎవడ్రా ఇక్కడ కంట్రోల్ పెట్టింది? పర్మిషనేదీ?”

లఖన్ మర్యాదగా లేచాడు. “పర్మిషన్ జిల్లా ఆఫీసు నుంచి ఉంది సేఠ్. ఈ ఊరికి కంట్రోల్ లాటరీలో వచ్చింది.”

“లాటరీలోనా!” గిర్ధారీ స్కూటర్ వదిలేశాడు. అది పక్కకి పడింది. “నేను మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగితే వచ్చింది! లాటరీ ఎప్పుడు తీశారు? నాకెందుకు చెప్పలేదు?”

“ఎవరికీ చెప్పం సేఠ్. చెబితే పక్షపాతం వస్తుంది. కళ్లు మూసుకుని చీటీ తీస్తాం.”

“కళ్లు మూసుకుని కంట్రోల్ ఇచ్చేశారా! ఎన్ని ఊళ్లలో?”

“పది.”

గిర్ధారీ బడి మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి రోషం వచ్చి లేచి, “ఇది ప్రభుత్వం వారి అసలు మిషను!” అని చంకలోది చూపించాడు. “మీ ప్లాస్టిక్ ముక్కలు ఉత్త బూటకం. ఏదీ, నా వేలు పొడిచి చూపించు!” లఖన్ కాగితం చదివి, ఒప్పుకున్నాక పొడిచాడు. వారిస్తే మాత్రం ఆగే మనిషా!

అప్పుడు ఫగ్నీ దాయీ గోడ నీడలోంచి లేచి వచ్చి, సంచి మూతి రెండు చేతులతో తెరిచి పట్టుకుంది.

“కబుర్లు తర్వాత చెప్పుకోండి నాయనా. పావుగంటన్నావు, మూడు గంటలైంది. పొయ్యి.”

“ఏం పొయ్యమంటావు దాయీ?”

“బియ్యం.”

లఖన్ ఆవిడ మొహం చూశాడు. సంచి చూశాడు. అవతల రెండు వందల సంచులు చూశాడు. ఎడ్లబండి చూశాడు. కిరసనాయిలు డబ్బా చూశాడు. ఒక్కొక్కటీ చూస్తున్నకొద్దీ అతని మొహంలో రక్తం దిగిపోయింది. ఆ సమయంలో సూది గుచ్చినా అతని వేలికి చుక్క వచ్చేది కాదు.

“కాకా,” అన్నాడు పీలగొంతుతో. “భద్దూ కాకా, నువ్వేమని చాటావు?”

భద్దూ దాస్ జనం చివర్నుంచి బదులిచ్చాడు. “నువ్వు చెప్పిందే బాబూ. కంట్రోల్ అన్నావు, వేలన్నావు, ఉచితమన్నావు. బియ్యమని నేను ఒక్కసారైనా అన్నానేమో అడుగు.”

సంగతి జనానికి నెమ్మదిగా ఎక్కింది. ఎక్కాక గప్పున అంటుకుంది.

“అంటే బియ్యం లేవా!”

“రక్తం పిండుకుని చేతులు దులుపుకుంటారా!”

“నా చుక్క నాకిచ్చెయ్!” అంది ఫగ్నీ దాయీ, చేతిలో సంచి నేలకేసి కొట్టి.

“ఎలా ఇవ్వను దాయీ? అది కిట్టులోకి ఇంకిపోయింది.”

“ఎలా తీశావో అలాగే పెట్టు! మూడు వారాల నుంచీ ఈ భద్దూగాడు మొత్తుకుంటూనే ఉన్నాడు, రక్తం సీసాలకెత్తి జబల్‌పూర్లో అమ్ముకుంటారర్రా, ఎవరూ ఇవ్వకండర్రా అని. నేనే వినలేదు!”

లఖన్ రెండోసారి కొయ్యబారిపోయాడు. మూడు వారాల పదకొండు మంది సంగతి ఇప్పుడు అర్థమైంది. “కాకా! నువ్వా?” అన్నాడు. ఆరడుగుల భద్దూ దాస్ అప్పటికే ఎడ్లబండి చక్రం వెనక నాలుగడుగులైపోయాడు.

*

డాక్టర్ ఖేర్ మూడింటికి జీపు దిగేసరికి లఖన్ బడి తలుపు గడియ వేసుకుని లోపల ఉన్నాడు. కిటికీలోంచి కిట్లు ఒక్కొక్కటే చూసి రాసుకుంటున్నాడు. బయట మిగిలింది వందమంది. కుక్రాటోలావాళ్లలో చాలామంది, ‘మన ఊరే కదా, తొందరేముంది’ అని పొద్దుట్నుంచీ లైను చివర్లో నిలబడి, బియ్యం లేవని తెలియగానే వేలైనా చాపకుండా పొలాలకి వెళ్లిపోయారు.

మేడం నేరుగా గోడ దగ్గరికెళ్లి కిట్లు చూడ్డం మొదలెట్టింది. చూస్తూ చూస్తూ ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

“లఖన్, ఈ రెండు గీతలవాళ్లంతా ఎవరు?”

“ఇదుగో, ఈ నీడలో కూచున్నవాళ్లే మేడం. ఒక్క నీలం గీతని మాత్రం లెక్కలోంచి తీసేశాను.”

“వీళ్లలో జ్వరం ఎందరికి?”

“నలుగురికి.”

మేడం రెండు గీతల కిట్లు వేలితో లెక్కపెట్టింది. “ముప్ఫై మూడు మందికి ఒంట్లో మలేరియా ఉంది. జ్వరం నలుగురికే. మిగతావాళ్లు ఏమీ తెలియకుండా తిరుగుతున్నారు. దోమ వీళ్లని కుట్టి ఇంకొకర్ని కుడుతోంది. మన జీపు జ్వరం వచ్చినవాళ్లనే చూసి వెళ్లిపోతోంది!”

కాలు మీద కాలేసుకున్నవాళ్లంతా ఒక్కసారి కాళ్లు దించేశారు. ఒంటిగీతవాళ్లు మెల్లగా రెండడుగులు దూరం జరిగారు. పొద్దున్నుంచీ కుళ్లుకున్న గీత మీద ఎవరికీ ఆశ మిగల్లేదు. నీలం గీత పెద్దమనిషి పెన్ను జేబులో దాచేసుకున్నాడు.

“ఇదెవరిది?” మేడం చివరి కిట్టు ఎత్తింది.

“నాదే,” అన్నాడు గిర్ధారీ. తర్వాత చూశాడు. రెండు గీతలు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. “నాకా! రోజూ రెండు కాయిల్స్ వెలిగిస్తానే! మేడమ్, నేను బతుకుతానా?”

“మాత్రలేసుకుంటే బతుకుతారు. అందరికీ ఇప్పుడే మొదలుపెడతాం. ఒకటే షరతు, ఖాళీ కడుపు మీద వేసుకోకూడదు. అమ్మా, మీరు అన్నం తిన్నారా?”

అడిగింది ఫగ్నీ దాయీని.

“ఎనిమిది నెలల కిందట తిన్నాను తల్లీ. ఆయన్నే అడుగు.”

గిర్ధారీ చంకలోని మిషను వైపు చూసుకున్నాడు. “నేనేం చేసేది మేడమ్? వేలు పడకపోతే మిషను గింజ వదలదు. నా తప్పు కాదు. ముసలమ్మ బొటనవేలు అరిగిపోయింది.”

“బొటనవేలేనా పెట్టించింది?” అని కిటికీలోంచి అడిగాడు లఖన్.

“ఇంకేం పెట్టిస్తాం? లోకమంతా అదే పెడుతుంది.”

“ఉంగరం వేలు పెట్టించు సేఠ్!” లఖన్ గడియ తీసుకుని బయటికొచ్చేశాడు, తన్నులు తినే సంగతి కూడా మరిచిపోయి. “కార్డు రాయించినప్పుడు పది వేళ్లూ తీసుకుంటారు కదా! పని లేని వేలు పెట్టించు!”

గిర్ధారీ మిషను నొక్కాడు. సిగ్నల్ లేదు. ఊరికి సిగ్నల్ గోడ మీదే ఉంది. గిర్ధారీ గోడెక్కి మిషను పట్టుకున్నాడు. ముసలమ్మకి గోడ అందలేదు. “ఎక్కడ ఆ భద్దూగాడు?” అంది ఆవిడ. బండి చక్రం వెనకనుంచి భద్దూ దాస్‌ని లాక్కొచ్చి గోడ పక్కన వంచారు. ఫగ్నీ దాయీ అతని వీపెక్కి నిలబడి ఉంగరం వేలు మిషను మీద పెట్టింది. మిషను ఆలోచించింది. గిర్రున తిరిగింది. పచ్చలైటు వేసి, ఆడగొంతుతో, “మీ బియ్యం మంజూరయ్యాయి, ధన్యవాదాలు,” అంది.

ఎనిమిది నెలలుగా కీచుమన్న మిషను మాట్లాడేసరికి ఫగ్నీ దాయీ భద్దూ వీపు మీదే నిలబడి దానికి దణ్ణం పెట్టింది. గోడ మీది గిర్ధారీ కంటే మిషనే ఎక్కువ సిగ్గుపడ్డట్టు కనిపించింది.

ఆ సందడిలో మేడం రిజిస్టరు మూస్తూ నిట్టూర్చింది. “మొత్తం రెండు వందల నలభై. అందులో కుక్రాటోలావాళ్లు డెబ్భై తొమ్మిది.” గడియారం చూసింది. నాలుగుకి ఆరు నిమిషాలు. “ఒక్కటి తగ్గింది, లఖన్.”

లఖన్ పొలాల వైపు చూశాడు. పొలాలకి పోయినవాళ్లని పిలవాలంటే అరగంట. అప్పుడు గోడ దగ్గర్నుంచి మూలుగు వినిపించింది.

“దిగు దాయీ, నడుం విరుగుతోంది.”

లఖన్ తల తిప్పాడు. “కాకా! నువ్వు ఇచ్చావా రక్తం?”

భద్దూ దాస్ మీసాలు వణికాయి. “వద్దు బాబూ. శవానికి రాత్రంతా కాపలా కాస్తాను గానీ సూది చూడలేను. అందుకే కదా అమ్ముకుంటారని అన్నాను! అందరూ ఇస్తే నన్నూ ఇమ్మంటారని!”

జనం నివ్వెరపోయారు. మూడు వారాలు ఊరిని అడవి పట్టించిన భయం ఒక్క మీసాల వెనక దాక్కున్న సూదిభయమా!

“బలవంతం లేదు కాకా,” అన్నాడు లఖన్ నీరసంగా. “కాగితంలో అలాగే ఉంది. నీ ఇష్టం.”

“నీ కాగితంలో ఉందేమో, నాకు లేదు,” అంది వీపు మీంచి ఫగ్నీ దాయీ. “ఒరే భద్దూ, ఈ జీపు పోతే నా మాత్రలు ఎవడు తెస్తాడ్రా? వాగు ఈది నువ్వు తెస్తావా? నువ్వు సరే అనేదాకా నేను దిగను. నాకు తొందరేం లేదు. బియ్యం కూడా మంజూరయ్యాయి.”

రెండు నిమిషాలు వీపు మోసింది. మూడో నిమిషంలో ఒక చెయ్యి నేల మీంచి లేచి, ఉంగరం వేలు చాపింది. “కానియ్యి,” అన్నాడు భద్దూ దాస్ కళ్లు గట్టిగా మూసుకుని. నాలుగుకి నిమిషం ఉందనగా చుక్క పడింది. దాన్ని చూడగానే అతను సోలిపోయాడు. మీద ఉన్న ముసలమ్మని గిర్ధారీ చెయ్యందించి గోడ మీదికి లాక్కున్నాడు. పదిహేను నిమిషాల తర్వాత కిట్టులో గీతలు రెండు తేలాయి.

*

ఆ సాయంత్రం గిర్ధారీ స్కూటర్ మీద ఫగ్నీ దాయీ బియ్యం ఇంటికి చేరాయి. ఆ నెలవి మాత్రమే. పాత ఎనిమిది నెలలవీ మిషను ఇవ్వదు, దానికి జ్ఞాపకశక్తి తక్కువ. అన్నం ఉడికాక ముగ్గురు ఒకే వాకిట్లో కూచుని తిని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాత్రలు మింగారు, ముసలమ్మ, సేఠ్, కోట్వార్.

జీపు రావడం ఆగలేదు, లఖన్ అందులోనే ఉన్నాడు. మరుసటి వారం జ్వరమున్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ వచ్చారు, సంచులు మాత్రం ఇళ్ల దగ్గర వదిలి రాలేదు. ఇంతమందికి ఒంట్లో జబ్బుందని తెలిశాక దోమతెరలు ఇవ్వకుండా కూచోవడం తనవల్ల కాదని ఖేర్ మేడం పైవాళ్లకి ఉత్తరం రాసి, నెల తిరక్కుండానే కుక్రాటోలాని తెరలిచ్చే ఊళ్లలోకి మార్పించింది. మార్చినప్పుడు జాబితాలో కారణం రాయాలి. ఆ గడిలో మేడం ఎంతోసేపు ఆలోచించి రెండే ముక్కలు రాసింది: “కంట్రోల్ తప్పింది.”